లోపలివాణ్ణి లెక్కపెట్టకూడదు

నువ్వు రాస్తానన్నావు గనక చెబుతున్నా చిట్టీ. నేను ఆగినచోట నువ్వూ ఆగు. తొందరపెట్టావంటే మొత్తం పోతుంది, నా మాట ముందునుంచీ నత్తనడకే, మీ అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ నేను ఒక మాట మొదలుపెడితే తను వెళ్ళి ఇల్లు ఊడ్చి వచ్చేది, అప్పటికి పూర్తయ్యేది. మీ అక్క పురిటిగది ముందు కూర్చున్న ఆ గంట సంగతే చెబుతా. డాక్టరమ్మ తలుపు సగం తీసి, సగం మొహమే బయటపెట్టి, ఇంకో గంట చూద్దాం అంది. బిడ్డ కిందికి దిగడం లేదట. పొద్దున పదింటికి చక్కగా దిగుతూ వచ్చిన బిడ్డ పన్నెండు దాటాక ఎక్కడిది అక్కడే ఆగిపోయిందట. నొప్పులు మాత్రం ఆగలేదు, వస్తూనే ఉన్నాయట. గంట చూసి కొయ్యాలి, కొయ్యాలంటే మత్తివ్వాలి, మత్తిస్తే మీ అక్క గుండె తట్టుకుంటుందో లేదో నేను చెప్పలేను అంది. దానికి చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ గుండెలో ఒక తలుపు సరిగ్గా పడదు కదా, పడీపడనట్టు కొట్టుకుంటూ ఉంటుంది. మీ అమ్మ సరే అంది. సరే అనక ఏమంటుంది. మీ బావ ఉన్నాడే, బస్సులో అంత గోలలో కూడా చివరి సీటువాడికి వినబడేట్టు అరిచే కండక్టరు, ఆ గంటలో నర్సును ఎలా ఉందని అడగడానికి కూడా గుసగుసలాడాడు. నువ్వు మందుల చీటీ పట్టుకుని మెట్లమీదుగా కిందికి పరిగెత్తావు. నేను బల్లమీద కూర్చున్నా. గోడ గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. కిటికీలోంచి ఎండ తెల్లగా పడుతోంది, ఎక్కడా నీడలేదు, నీడ లేకపోతే కూడా భయంగానే ఉంటుందని నాకప్పుడే తెలిసింది. ఎదురుగా లిఫ్టు.

ఆ లిఫ్టు నాది కాదు. నాది పాతది, చెక్క పెట్టె, ముందు కటకటాల తలుపు, లోపల ఇత్తడి పిడి. ఇప్పుడున్నది మెరిసే రేకు డబ్బా, మీట నొక్కితే దానంతట అదే పోతుంది, మనిషితో పనిలేదు. కానీ అది తిరిగే నిలువు గుంట అదే. డబ్బాను మార్చారుగానీ గుంటను మార్చలేరు కదా. ఇదే ఆసుపత్రిలో లిఫ్టు నడుపుతూ ఆ గుంటలో ముప్ఫైరెండేళ్ళు పైకీ కిందికీ తిరిగాను. లోకంలో అందరూ అడ్డంగా ప్రయాణం చేస్తే నేను నిలువునా చేశాను, ఒక్క ఊరు చూసింది లేదు. ఊళ్ళే నా దగ్గరికి వచ్చాయి. ఓడరేవు పక్కన పురుళ్ళ ఆసుపత్రి కదా, ఓడల్లో పనిచేసేవాళ్ళ పెళ్ళాలు, వలస వచ్చినవాళ్ళు, ఇక్కడ దిగి ఇంకెక్కడికో పోవాల్సినవాళ్ళు, ఏ భాషో తెలియని మనుషులు, అందరూ నిండు కడుపుతో నా పెట్టెలో ఎక్కేవాళ్ళు. పిడి పట్టుకుంటే ఎంతమంది ఎక్కారో వెనక్కి తిరిగి చూడకుండానే అరచేతికి తెలిసేది. ఒకరైతే పిడి తేలిగ్గా వణికేది, నలుగురైతే ఆవులాగా బద్ధకంగా కదిలేది. గర్భిణి ఎక్కితే మాత్రం నా చేతికి ఒక్కరుగానే తెలిసేది, అదే మనిషి బిడ్డనెత్తుకుని దిగేటప్పుడు ఇద్దరు. పైకి పోయేటప్పుడు ఆ రెండోవాడు బరువు ఎక్కడ దాచుకున్నాడు అని అనుకునేవాణ్ణి. దాచుకోవడం కాదు, వాడింకా లేడు. లెక్కలోకి రాలేదు. నాకు ఆ సంగతి బాగా తెలుసు. అంతా తెలిసినవాణ్ణి, యాభై ఏళ్ళు నోరు కట్టుకున్నవాణ్ణి, మొన్న పొద్దున నేనే లెక్కపెట్టాను. బిడ్డ ఎందుకు ఆగిపోయిందో ఆ బల్లమీద కూర్చున్నవాళ్ళందరిలో నాకొక్కడికే తెలుసు.

లోపల్నుంచి మీ అక్క అరుపు వచ్చింది, వచ్చి సగంలో ఆగింది. అరుపు వస్తే నయం. అరవనివాళ్ళను కూడా చూశాను. ఒక జాతివాళ్ళుండేవాళ్ళు, వాళ్ళ ఆడది నొప్పులప్పుడు నోరు తెరవకూడదట, తెరిస్తే బిడ్డ పిరికిదవుతుందట. గుడ్డ కరుచుకుని నిలబడేది. నా పెట్టెలో నాలుగంతస్తులు ఎక్కేదాకా దవడ కదిలిన చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు, అమ్మా ఒక్కసారి అరిచెయ్యి తల్లీ అని నేనే బతిమాలుకునేవాణ్ణి లోపల్లోపల. ఇంకొకళ్ళు ఉండేవాళ్ళు, ముడి అన్నది ఎక్కడా ఉండకూడదంటారు. ఆవిడ జడ విప్పేశారు, వెంట వచ్చినవాళ్ళందరి జడలూ విప్పేశారు, మూటల ముడులు విప్పారు, చివరికి వాళ్ళమ్మ వంగి నా బూట్ల తాళ్ళు కూడా విప్పేసింది. నా కటకటాల తలుపు మూయనివ్వలేదు. ఆవిడ తెరుచుకోవాల్సిన వేళ ఏదీ మూసుకుని ఉండకూడదట. తలుపు వెయ్యకుండా లిఫ్టు నడిపితే నా ఉద్యోగం పోతుంది, అయినా నడిపాను. గోడ మా ముందునుంచి కిందికి జారిపోతుంటే, ఇటుక తర్వాత ఇటుక, ఎవరో గొంతులోంచి పైకి పోతున్నట్టుగా అనిపించింది. మరొకాయన ఉన్నాడు, భార్య శాలువా కప్పుకుని లిఫ్టులో కింద పడుకుని మూలుగుతున్నాడు. ఆవిడేమో నిండు కడుపుతో నిటారుగా నిలబడి, ఓర్చుకో ఓర్చుకో అన్నట్టు అతని వీపు తడుతోంది. నొప్పిని తనమీదకి లాక్కుంటున్నాడట. నేను నవ్వాను. ఆయన కళ్ళు తెరిచి నా వైపు చూశాడు, ఆ కళ్ళలో నొప్పి నిజంగానే ఉంది చిట్టీ, నటన కాదు, నా నవ్వు నా మొహానికే అంటుకుని ఎండిపోయింది. ఒకడు చిన్న సంచీలో వాళ్ళ ఊరి మట్టి తెచ్చుకునేవాడు, పుట్టగానే బిడ్డ పాదం ముందు దానిమీదే పెట్టాలట. పిడికెడు మట్టికి నాలుగువేల మైళ్ళ ప్రయాణం. ఇంకొకళ్ళు బిడ్డ వెనకాల పడే మాయను పారెయ్యనివ్వరు, కుండలో పెట్టి మూతకట్టి ఇంటికి తీసుకెళ్తారు, అది బిడ్డకి అన్నట, పెద్దవాడట. ఒకసారి ఆ కుండను నా పెట్టెలో ఒంటరిగా పెట్టి, తల్లీబిడ్డా వెనక వస్తారు, నువ్వు మాత్రం దీనితో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు, లేకపోతే అలుగుతుంది అని చెప్పారు. నేనూ ఆ కుండా. ఏం మాట్లాడాలి. ఇవాళ ఎండ బాగా ఉందన్నాను. పిడి మీద నా చెయ్యి, చేతికి ఇద్దరున్నట్టు తెలుస్తోంది. ఆ తర్వాత నేను మళ్ళీ దేన్నీ చూసి నవ్వలేదు.

కానీ అవన్నీ తర్వాత సంగతులు. ముందు జరిగింది ఒక ముసలావిడ సంగతి. నేను ఉద్యోగంలో చేరి మూడో ఏడు. అప్పుడు నాకు మీ అక్క వయసు కూడా లేదు, నోటి దురద ఉండేది, మాట నెమ్మదేగానీ ఎగతాళి మాత్రం చురుగ్గా వచ్చేది. నా పెట్టెలో ఆరుగురికే చోటు, ఏడో మనిషి ఎక్కితే దింపెయ్యాలి, అది రూలు. ఒకరోజు ఒక ఓడవాడి కుటుంబం వచ్చింది. అతనూ, నొప్పులు పడుతున్న భార్యా, ఆవిడ చెల్లెళ్ళిద్దరూ, వాళ్ళ మేనమామ, ఒక ముసలావిడ. ఆవిడ అత్తగారో అమ్మమ్మో నాకు తెలియదు, పండ్లు లేవు, నడుం వంగలేదు. సరిగ్గా ఆరుగురు. నేను ఊరుకోవచ్చు కదా. ఒక్కొక్కరి మీదా వేలు పెట్టి లెక్కపెట్టి, ఆ అమ్మాయి దగ్గర రెండు వేళ్ళు చూపించి, నువ్వొకదానివి, లోపల ఒకడు, ఏడుగురయ్యారు, ఒకరు దిగాలి అన్నాను. కడుపు వైపు చూసి, నీకు టిక్కెట్టు లేదురా, పోనీలే ఎక్కు అన్నాను. మేనమామ నవ్వుకుంటూ దిగి మెట్లెక్కి వచ్చాడు. అందరూ నవ్వారు, నొప్పుల్లో ఉన్న పిల్ల కూడా నవ్వింది. ముసలావిడ నవ్వలేదు. లిఫ్టు పైకి పోతున్నంతసేపూ నా వేలి వంకే చూస్తూ ఉంది.

ఆ సాయంత్రం పుట్టాల్సిన బిడ్డ పుట్టలేదు. రాత్రి పుట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం, ఇలాంటి తెల్లటి ఎండలోనే, ముసలావిడ మెట్లు దిగి నా దగ్గరికి వచ్చింది, వెంట ఆ ఓడవాడు. అతనికి మన మాట కొంచెం కొంచెం వచ్చు. ఆవిడ చెబుతోంది, అతను తడుముకుంటూ నాకు అందిస్తున్నాడు. అతను ఏడుస్తూ చెప్పాడు, ఆవిడ మాత్రం కూరగాయలు బేరమాడుతున్నట్టు చెప్పింది. నువ్వు లెక్కపెట్టావు. లెక్కలోకి వచ్చినవాడు వచ్చేశాననుకుంటాడు. వచ్చేసినవాడు మళ్ళీ ఎందుకు బయలుదేరతాడు? ఇంతే ఆవిడ అన్నది. తప్పయింది, లెక్క వెనక్కి తీసుకుంటానన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అన్న అంకె పోదట. అంకె అక్కడే ఉంటుందట, దానిలోంచి ఒకరు బయటికి పోవాలి, అప్పుడు ఒక చోటు ఖాళీ అవుతుంది, ఖాళీ కనబడితే బిడ్డ దానిలోకి వస్తుంది. లెక్కపెట్టినవాడే మళ్ళీ లెక్కపెట్టాలి. నాకు నమ్మకం లేదు చిట్టీ, కానీ ఆ పిల్ల గొంతు పైనుంచి గుంటలోకి దిగి వస్తోంది, నిన్నటి నుంచీ అరిచి అరిచి అది మనిషి గొంతులా లేదు. అందర్నీ పిలిచి పెట్టెలో ఎక్కించాను. ఆవిడ నా వేలు పట్టుకుంది. చల్లటి చెయ్యి, గట్టి చెయ్యి. ఒక్కొక్కరి ముందుకీ నా వేలు తీసుకెళ్ళింది. ఓడవాడు ఒకటి, చెల్లెలు రెండు, రెండో చెల్లెలు మూడు, మేనమామ నాలుగు, పైనున్న పిల్ల ఐదు. తన దగ్గరికి వచ్చేసరికి నా వేలిని తన మొహం ముందునుంచి పక్కకి తోసేసింది, గాలిలోంచి దారం తీసినట్టు. ఐదు అని నేను గట్టిగా అన్నాను. లిఫ్టు ఇంకా రెండో అంతస్తు దాటలేదు, పైన బిడ్డ ఏడుపు వినబడింది.

వాళ్ళు ఐదు రోజులుండి వెళ్ళారు. ఆ రోజే నేను అసలు చూసింది. అందర్నీ కిందికి దింపింది నేనే. ముసలావిడ ఒక మూల నిలబడి ఉంది. ఆవిడతో ఎవరూ మాట్లాడలేదు, సంచీ ఒకటి ఆవిడ చేతికివ్వలేదు, బిడ్డను ఆవిడకి చూపించలేదు. కోపంతో కాదు. కోపముంటే తెలుస్తుంది కదా, మొహం తిప్పుకుంటారు. వీళ్ళు తిప్పుకోలేదు, చూపు ఆవిడ మీదుగా గోడ మీదికి నున్నగా పోయింది. గుమ్మం ముందు బండి వచ్చింది. ఒక్కొక్కరే ఎక్కారు, తలుపులు వేసుకున్నారు, బండి పోయింది. ముసలావిడ నా లిఫ్టులోనే నిలబడి ఉంది. మరిచిపోయారేమో, పిలుస్తానుండమ్మా అని నేను వీధిలోకి పరిగెత్తాను. మరిచిపోయినవాళ్ళు మలుపు తిరిగేలోపు ఒక్కసారైనా వెనక్కి చూస్తారు. వాళ్ళు చూడలేదు. నేను తిరిగొచ్చేసరికి ఆవిడ బయటికి వచ్చి, బోసినోటితో నవ్వి, నా చెంప మీద చెయ్యివేసి, బండి పోయిన వైపు కాకుండా రెండో వైపు నడుచుకుంటూ పోయింది. పిడి పట్టుకుని ఆవిణ్ణి కిందికి దింపినప్పుడు నా అరచేతికి ఎంతమంది తెలిశారో గుర్తు తెచ్చుకున్నాను. ఆరుగురే. చంటిబిడ్డతో కలిపి.

అప్పట్నుంచీ నేను గర్భిణి కడుపు వైపు కూడా చూడలేదు. మీ అమ్మ పుట్టినప్పుడు మీ అమ్మమ్మను నేనే పైకి తీసుకెళ్ళాను. పిడి పట్టుకుని, ఒక్కతే, ఒక్కతే, ఒక్కతే అని నాలుగంతస్తులూ గొణుక్కుంటూ పోయాను. ఏమండీ నేను మీకు ఒక్కదాన్నే కదా, ఇంకో దానితో పోల్చి చూస్తున్నారా అందావిడ, అంత నొప్పిలోనూ. అలాంటి మనిషి. ఆవిడ నొప్పి నవ్వులోంచి వచ్చేది.

మరి మొన్న పొద్దున నాకేమైంది? సంతోషం. అంతే. నా పాత గుంటలో, నా మనవరాలితో, పైకి పోతున్నాను. మీ అమ్మ, మీ అక్క, బావ, నువ్వు, నేను. చెయ్యి దానంతట అదే గోడమీదికి పోయింది, పిడి ఉండాల్సిన చోటికి. ఆరుగురం అన్నాను. పైకే అన్నాను. అందరికంటే చిన్నవాడు కనబడకుండా ఎక్కాడు అని కూడా అన్నాను. మీ బావ నవ్వి, టిక్కెట్టు తీసుకోనివాణ్ణి నా కళ్ళముందే ఎక్కిస్తావా తాతా అన్నాడు. మీ అక్క నవ్వింది. నువ్వూ నవ్వావు. యాభై ఏళ్ళ కిందటి నవ్వే అది, ఆ గుంటలోనే ఎక్కడో ఉండి మళ్ళీ వచ్చింది. అది విన్నాక నేను చేసిందేంటో తెలిసింది, కానీ వెంటనే తలుపు తెరుచుకుంది, నర్సు చక్రాల కుర్చీ తెచ్చింది, పేరేంటి, వయసెంత, ఎన్నో నెల, ఆ హడావిడిలో మరిచిపోయాను. మరిచిపోయినట్టు నటించాను. పన్నెండు దాటాక బిడ్డ ఆగిపోయిందన్నప్పుడు ఇక నటించడానికి లేకపోయింది.

గడియారం రెండు. మీ అమ్మ తలుపుకి చెవి ఆనించి నిలబడింది. నర్సు వచ్చి, అమ్మా అలా నిలబడకండి అంటే జరుగుతుంది, నర్సు పోగానే మళ్ళీ ఆనిస్తుంది. నా తలలో వేళ్ళు తిరుగుతున్నాయి. అంకె ఆరు. అందులోంచి ఒకరు పోవాలి. ఎవరు? నీకు అబద్ధం చెప్పను, రాయి, ముందు మీ బావే గుర్తొచ్చాడు. ఎదురుగా నిలబడ్డాడు, పైగా పరాయి ఇంటివాడు, పైగా కూరలో ఉప్పు తక్కువైతే నాలుగు రోజులు చెబుతాడు. ఒక్క క్షణమే. తర్వాత అతని చేతులు చూశాను, మీ అక్క చెప్పులు పట్టుకుని ఉన్నాడు, లోపలికి వెళ్ళేటప్పుడు విడిచిపోయింది కదా, పొద్దున్నుంచీ కిందపెట్టకుండా వాటిని చంటిబిడ్డలాగా ఛాతీకి ఆనించుకుని ఉన్నాడు. ఇతన్ని తీస్తే ఆ బిడ్డ వచ్చీ ఎవరి దగ్గరికి వస్తుంది. మీ అమ్మకి సంగతి చెబితే, నన్ను తియ్యి నాన్నా అని ఒక్క నిమిషం ఆలోచించకుండా అంటుంది, అందుకే చెప్పలేదు. నీ దగ్గర నా ఆలోచన ఆగను కూడా ఆగలేదు, నిప్పు మీంచి దాటినట్టు దాటిపోయింది. ఇంక మిగిలింది ఒక్కడే. డెబ్బయ్ ఆరేళ్ళవాడు, మోకాళ్ళు పోయినవాడు. తేలికే అనుకున్నావు కదూ. నేను భయపడలేదని మాత్రం రాయకు. చావుకి కాదు నా భయం. ఆ బండి తలుపులు వేసుకున్న చప్పుడు గుర్తొచ్చింది. చావైతే ఏడుస్తారు, నాలుగు రోజులు తలుచుకుంటారు. ఇది అది కాదు. చూపు మొహం మీదుగా గోడ మీదికి నున్నగా పోవడం. మీ చూపు. పొద్దున లేవగానే తాతా నా కళ్ళజోడు చూశావా అని, నీ నెత్తిమీదే ఉన్నదాన్ని నన్నడిగే నీ గొంతు. అది నన్ను దాటుకుని పోవడం.

డాక్టరమ్మ మళ్ళీ తల బయటపెట్టింది. ఇంకో పది నిమిషాలు, అంతకంటే నేనుండలేను, బిడ్డ గుండె నెమ్మదిస్తోంది అంది. ఇద్దరి గుండెలూ అన్నట్టే నాకు వినబడింది.

నేను లేచాను. మోకాలు కలుక్కుమంది. మీ అమ్మ చూసి, నాన్నా ఎక్కడికి, కూర్చో, నువ్వు పడితే నిన్నెవరు ఎత్తుతారు అంది. ఇప్పుడే వస్తానమ్మా అన్నాను. కూతురు నాతో మామూలుగా అన్న చివరి మాట ఇదేనేమో, బాగా విను అని నాకు నేను చెప్పుకుని విన్నాను. విసుక్కుంది. విసుగు ఎంత బాగుంటుందో తెలుసా చిట్టీ. మనిషి ఉంటేనే కదా విసుక్కుంటారు.

లిఫ్టు తలుపు తెరుచుకుంది, లోపల ఎవరూ లేరు. ఎక్కాను. మీట ఏదీ నొక్కలేదు. తలుపు మూసుకుంది, రేకు గోడలో నా మొహం అలుక్కుపోయినట్టు కనబడుతోంది. పిడి ఉండే చోట ఎడమ అరచెయ్యి పెట్టాను. రేకు వెనకాల గుంట ఊపిరి తీసుకుంటున్నట్టుంది, పాతరోజుల్లో పైనుంచి వచ్చే తడిగాలి, రక్తం, ఉడికించిన గుడ్డలు, ఇత్తడి, అన్ని వాసనలూ ఒక్కసారి వచ్చాయి. కుడిచెయ్యి ఎత్తి వేళ్ళు మడవడం మొదలుపెట్టాను. నా కూతురు ఒకటి. దాని అల్లుడు రెండు. చిట్టి మూడు. లోపలున్న పెద్దది నాలుగు. బొటనవేలు మిగిలింది. అది నిక్కబొడుచుకుని ఒంటరిగా నిలబడింది. దాన్ని మడవాలని నా చెయ్యి తనంతట తానే పోబోయింది, మనిషి ఆశ చూడు, చేతికి కూడా ఉంటుంది. దాన్ని మడవనివ్వకుండా, నాలుగు వేళ్ళ వెనక్కి, చేతి అవతలికి వంచి ఉంచాను. నలుగురు అన్నాను. పైకే అన్నాను. నా గొంతు నాకు పక్కింటివాడి గొంతులా వినబడింది. లిఫ్టు కదిలింది. పైకో కిందికో తెలియలేదు. ముప్ఫైరెండేళ్ళు నడిపినవాణ్ణి, కళ్ళు మూసుకుని అంతస్తు చెప్పగలిగినవాణ్ణి, నాకు తెలియలేదు. అరచేతి కింద రేకు వణుకుతోంది, ఖాళీ పెట్టె కదిలినప్పుడు వణికే వణుకు అది, ఒక్క మనిషి బరువు కూడా లేని వణుకు. ఆ వణుకు నాకు బాగా తెలుసు. రోజూ పొద్దున్నే మొదటి మనిషి ఎక్కకముందు, నేను బయట నిలబడి చెయ్యి లోపలికి చాపి ఒకసారి ఉత్తిపెట్టెను పంపి చూసేవాణ్ణి.

తలుపు తెరుచుకుంది. అదే అంతస్తు. నాకు రెండు నిమిషాలు కూడా గడిచినట్టు లేదు, గడియారం చూస్తే మూడుంబావు. బయటికి అడుగు పెడుతుంటే తలుపు రెండు రేకులూ వచ్చి నా భుజాలను నొక్కాయి. మనిషి మధ్యలో ఉంటే వెనక్కి పోతాయి కదా అవి, అలాగే కదా చేసింది వాటిని. పోలేదు. పక్కకి ఒరిగి, చొక్కా వదిలించుకుని బయటపడ్డాను. అప్పుడు వినబడింది ఏడుపు. సన్నగా, కోపంగా, నిద్రలేపినందుకు తిట్టినట్టు.

ఆడపిల్ల. ఎవరూ కొయ్యలేదు, మత్తివ్వలేదు. కోతకి అన్నీ సిద్ధం చేసుకున్నాక, ఉన్నట్టుండి ఎవరో దారి ఇచ్చినట్టు జారి వచ్చేసిందని డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ చెప్పింది. మీ అక్క గుండె బాగానే కొట్టుకుంటోందట. మీ అమ్మ గోడకి జారబడి కిందనే కూర్చుండిపోయింది. బావ చెప్పులు ఇంకా వదల్లేదు, ఆ చెప్పుల చేతులతోనే నిన్ను పట్టుకుని గిరగిరా తిప్పాడు. నర్సు పాపను తెచ్చి మీ ముగ్గురికీ చూపించింది. నేను వెనక నిలబడి మీ భుజాల మధ్యనుంచి చూశాను. కనబడింది, చాల్లే. చెవులు మీ అమ్మమ్మవి.

తర్వాత గుమాస్తా వచ్చాడు, పుట్టిన కాగితం రాసుకోవడానికి. తల్లి పేరు, తండ్రి పేరు, ఇల్లెక్కడ. ఇంట్లో ఎంతమంది ఉంటారు అని అడిగాడు. నేను బావ పక్కనే ఉన్నాను, నా చెయ్యి అతని భుజం మీదే ఉంది. బస్సు కిక్కిరిసి ఉన్నా, కమ్మీలు పట్టుకుని వేళ్ళాడేవాళ్ళతో సహా తల ఒక్కటి తప్పకుండా లెక్కపెట్టే మనిషి. అత్తయ్య, నేను, తను, చిట్టి, అని వేళ్ళు మడిచి, పాప దగ్గర బొటనవేలు కూడా మడిచి, ఐదుగురం సార్ అన్నాడు. గుమాస్తా, ఐదుగురేనా, సరిగ్గా చెప్పండి, మళ్ళీ మార్చడం కుదరదు అన్నాడు. బావ మీ అమ్మ వైపు చూశాడు. ఐదుగురమే అంది మీ అమ్మ. నువ్వూ తలూపావు చిట్టీ.

కలం ఆపకు. నా వైపు అలా చూడకు, నీమీద నాకేం కోపం లేదు, నీకు తెలిసి చేసింది కాదు. రాత్రి భోజనాల దగ్గర నాకు పళ్ళెం పెట్టలేదని నువ్వే కదా మధ్యలో లేచి, నాలుక కరుచుకుని తెచ్చావు, నన్ను చూస్తే గుర్తొస్తూనే ఉన్నానులే ఇంకా. మొహం చూస్తే గుర్తొస్తాను, లెక్కపెడితే రాను, అంతవరకే ఉంది ఇప్పటికి. రేపెలా ఉంటుందో నాకు తెలియదు. అందుకే ఇవాళే రాయమన్నాను. నువ్వేమో రేపు పొద్దున్నే ఆసుపత్రికి పోయి ఆ కాగితం దిద్దిస్తానని లేస్తావు, నీ సంగతి నాకు తెలుసు, నీది పట్టుదల. పోవద్దు. ఆ గుమాస్తా ఒప్పుకున్నా సరే దిద్దించొద్దు. ఐదు అనే ఉండనీ. అదిగో, పాప లేచింది. పో, ఎత్తుకో.